చలికి వేళ్లు పాలిపోతే: రక్తం గడ్డకట్టనివ్వని మందులు అందరికీ కాదు

ఏలూరు: కొల్లేరు పరిసరాల చెరువులలో పట్టిన చేపలను ఐసుతో పెట్టెలలో సర్ది ఇతర రాష్ట్రాలకు ఎగుమతి చేస్తారు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో ఈ పని చేసేవారి చేతులు గంటల తరబడి ఐసులో నానుతుంటాయి. చలికి వేళ్లు పాలిపోయే ‘రేనాడ్’ లక్షణం ఉన్నవారు ఈ పనిలో ప్రత్యేక జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

లక్షణాలు

ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనాడ్ 1862లో ఈ స్థితిని వివరించారు. చలికి లేదా మానసిక ఒత్తిడికి వేళ్లలోని సూక్ష్మ రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్లు తెల్లబడి, నీలిరంగుకు మారి, వెచ్చబడిన పిదప ఎర్రబారతాయి. యువతులలో ఇది తరచుగా వేరే వ్యాధి లేకుండానే కనిపిస్తుంది, హాని స్వల్పం. చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా, లూపస్ వంటి వ్యాధుల వలన వచ్చినప్పుడు మాత్రం వేళ్లకు పుండ్లు పడి, కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

పరిశోధన ఏమి చెబుతోంది

తీవ్రమైన రేనాడ్ ఉన్న 30 మందిపై బ్రిటన్ వైద్యులు జరిపిన ప్రాథమిక అధ్యయనం 2000లో వెలువడింది. హెపారిన్ తరహా ఇంజెక్షన్లు పొందిన వారిలో బాధ తగ్గినట్లు అందులో గమనించారు. అయితే అంత చిన్న అధ్యయనం ఆధారంగా అందరికీ ఈ చికిత్స సూచించలేము. స్క్లీరోడెర్మా రోగులకు సంబంధించి 2017లో వెలువడిన యూరోపియన్ మార్గదర్శకాలు రేనాడ్‌కు తొలి ఔషధంగా నిఫెడిపిన్ వర్గపు మందులనే పేర్కొన్నాయి. ఇవి రక్తనాళాలను వ్యాకోచింపజేస్తాయి.

రక్తనాళంలో గడ్డ ఏర్పడినట్లు, లేదా గడ్డలు ఏర్పడే స్వభావం గల యాంటీఫాస్ఫోలిపిడ్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయినప్పుడు గడ్డకట్టనివ్వని మందుల అవసరం రావచ్చు. వైద్య పర్యవేక్షణ లేకుండా వాడితే జీర్ణాశయంలో, మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. వార్ఫరిన్ వాడేవారికి క్రమం తప్పని రక్తపరీక్షలు తప్పనిసరి.

పాటించవలసిన జాగ్రత్తలు

ఐసు పనిలో నూలు తొడుగులపై రబ్బరు తొడుగులు ధరించాలి. మధ్యమధ్య చేతులను గోరువెచ్చని నీటితో వెచ్చబరచుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ మానాలి. బీటా బ్లాకర్ వర్గపు రక్తపోటు మందులు వాడుతున్నవారు ఆ విషయం వైద్యునికి తెలపాలి, సొంతంగా ఆపరాదు.

వేలిపై పుండు పడినా, చర్మం బిగుసుకుంటున్నా ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో గాని, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలో గాని చూపించుకోవాలి. వేలు నల్లబడినా, ఒకే వేలు అకస్మాత్తుగా చల్లబడి తీవ్రమైన నొప్పి వచ్చినా ఆలస్యం చేయక అదే రోజు ఆసుపత్రికి చేరాలి. సకాలంలో చికిత్స అందితే వేలిని కాపాడుకునే అవకాశం ఉంటుంది.