తుమ్మితే చుక్కలు పడుతున్నాయా?

తుమ్మినా, దగ్గినా, పకపకా నవ్వినా, బియ్యం బస్తా ఎత్తినా నాలుగు చుక్కలు మూత్రం పడిపోతోందని మన ఆడవాళ్లు డాక్టరుకు కూడా చెప్పరు. బతుకమ్మ ఆడటం మానేస్తారు. ప్రయాణమంటే మంచినీళ్లు ముట్టరు. “కాన్పులైనవాళ్లకు మామూలేలే” అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. మామూలే కావచ్చు, భరించాల్సిన పని మాత్రం లేదు.

మూత్రాశయాన్నీ గర్భసంచినీ అడుగు నుంచి ఉయ్యాలలా మోసే కండరాలున్నాయి (పెల్విక్ ఫ్లోర్). కాన్పులవల్ల, బరువువల్ల, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకంవల్ల అవి సడలుతాయి. ముట్లుడిగాక ఇంకాస్త. పొట్టలో ఒత్తిడి పెరగగానే మూత్రమార్గం గట్టిగా మూసుకోలేకపోతుంది.

ఆపరేషన్ మాట తర్వాత. ముందు కీగల్ వ్యాయామాలు. అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగల్ 1948లో వీటి గురించి రాశారు. గ్యాస్ పోకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగిస్తామో వాటినే పైకి లాగినట్టు బిగించి, వదలాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ సూచన ప్రకారం ప్రతిసారీ కనీసం 8 బిగింపులు, రోజుకు 3 సార్లు, కనీసం 3 నెలలు. వారం చేసి “పనిచెయ్యలేదు” అనేవాళ్లే ఎక్కువ! పొట్టా తొడలూ బిగించేవాళ్లు, కిందికి ముక్కేవాళ్లు కూడా ఉన్నారు. ముక్కితే మేలుకు బదులు కీడే. అందుకే ఒక్కసారైనా పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకూడదు. తుమ్ము వస్తోందనిపించగానే ముందే బిగించడం అలవాటైతే సగం ఇబ్బంది అక్కడే తగ్గుతుంది.

బరువు సంగతి వినడానికి చేదు. అధిక బరువున్న మహిళలపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. బరువు తగ్గే శిక్షణతో 6 నెలల్లో సగటున 8 శాతం తగ్గినవాళ్లలో మూత్రం పడిపోయే సందర్భాలు 47 శాతం తగ్గాయి. ఆ శిక్షణ లేని బృందంలో తగ్గింది 28 శాతమే.

జిమ్‌లో, పరుగులో మాత్రమే ఇబ్బందైతే డాక్టరు కొలత చూసి ఇచ్చే, యోనిలో పెట్టుకునే సిలికాన్ పెస్సరీ ఉంది. డులాక్సెటిన్ మాత్రకు దీనికోసం యూరప్‌లో అనుమతి ఉంది, అమెరికాలో లేదు, వికారం ఎక్కువ. ఇక లేజర్ ప్రకటనలకు డబ్బు పొయ్యకండి. ఇలాంటి పరికరాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

బాత్రూమ్ చేరేలోగా ఆగకపోవడం వేరే సమస్య, దాని వైద్యం వేరు. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

మీరు అమెరికాలో ఉండి, మీ అమ్మగారో అత్తగారో మీ దగ్గరికి వచ్చి ఉంటే, డాక్టరు దగ్గర కొడుకుచేతో అల్లుడిచేతో ఈ మాటలు చెప్పించకండి. ఫెడరల్ నిధులు తీసుకునే అమెరికా ఆసుపత్రుల్లో దుబాసీ సాయం ఉచితం. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు వచ్చిన మహిళ కావాలని అడగండి.