మూడో ఏడు లాంగ్ టర్మ్ పెట్టాలా?

ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలున్న అక్కచెల్లెళ్ళకి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. జూన్ నెల వచ్చిందంటే చాలు, మా మార్కాపురంలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట. "మీ పాపకి నీట్‌లో ఎన్నొచ్చాయి? మళ్ళీ లాంగ్ టర్మ్ పెడతారా?" గిద్దలూరులో మా ఆడపడుచు ఇంట్లోనూ అంతే, కంభంలో మా పుట్టింట్లోనూ అంతే. సీటు రాని పిల్ల లోపలి గదిలో ముడుచుకుని ఉంటుంది. పెద్దవాళ్ళమంతా వసారాలో కూర్చుని దాని ఏడాది గురించి తీర్మానం చేసేస్తుంటాం. మా ఇంట్లో ఇది రెండుసార్లు జరిగింది. మూడోసారి జరగబోయి ఆగింది.

నేనూ ఇంటర్ బైపీసీయే చదివాను. ఎంసెట్ కోచింగ్‌కి గుంటూరు పంపమని ఏడ్చినా, ఆడపిల్లని అంత దూరం పంపేదేమిటని మా నాయన ఒప్పుకోలేదు. చదువు అక్కడితో సరి. మా అమ్మాయి బైపీసీ తీసుకున్న రోజే నా మనసులో దానికి తెల్లకోటు తొడిగేశాను.

2023లో ఇంటర్ అయ్యాక నీట్‌లో దానికి 312 వచ్చాయి. నా గాజులు బ్యాంకులో పెట్టి గుంటూరులో హాస్టల్లో చేర్చాం. 2024లో 490 వచ్చాయి. ఇల్లంతా సంబరం! తీరా ర్యాంకు చూస్తే సీటుకి చాలా దూరం. రెండో ఏడు కూడా పెట్టాం. 2025లో 390 వచ్చాయి. "నూరు మార్కులు తగ్గాయే, ఏం చదివిందమ్మా?" అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఈ రెండేళ్ళలో నేను తెలుసుకున్నది మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

మార్కులు కాదు, ర్యాంకు చూడండి

2024లో అందరికీ మార్కులు విపరీతంగా వచ్చాయి. చివరి ఫలితాల్లో 720కి 720 తెచ్చుకున్నవాళ్ళే 17 మంది. 2025లో పేపరు కష్టంగా వచ్చింది. దేశం మొత్తానికి ఫస్టు వచ్చిన అబ్బాయికే 686. అందుకే 490 నుంచి 390కి పడిపోయిన మా అమ్మాయికి ర్యాంకు మాత్రం ముందుకే జరిగింది. అయినా కన్వీనర్ కోటాలో సీటు అందలేదనుకోండి, అది వేరే సంగతి. మార్కులు చూసి పిల్లని మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే. పోయిన ఏడు మన రాష్ట్రంలో మీ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూసి, మీ పిల్ల ర్యాంకు పక్కన పెట్టుకోండి.

ఎన్నేళ్ళో ఫీజు కట్టకముందే అనుకోండి

నీట్ ఇన్నిసార్లే రాయాలన్న నియమం లేదు. పదిహేడేళ్ళు నిండితే చాలు. పై వయసు పరిమితి కూడా 2022లో తీసేశారు. అంటే ఇక చాలు అని బయటివాళ్ళెవరూ చెప్పరు. కోచింగ్ వాళ్ళు అసలే చెప్పరు. ఆ మాట ఇంట్లోనే అనుకోవాలి. అదీ ఫలితాలొచ్చిన రోజు ఏడుపుల మధ్య కాదు, ముందుగానే. రెండో ఏడు చేర్చేటప్పుడు మేం ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం: "ఇదే ఆఖరు. సీటు రాకపోతే వేరే కోర్సు." కింద ముగ్గురం సంతకాలు పెట్టాం. అప్పుడది నాకు ఆటలాగే అనిపించింది.

మెతుకు పట్టి చూడండి

అన్నం ఉడికిందో లేదో కుండంతా కలిపి చూడం కదా! ఒక్క మెతుకు చాలు. అలాగే నెలనెలా పెట్టే పరీక్షలు చూడండి. నీట్‌లో ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. పిల్ల పోగొట్టుకున్న మార్కులు మూడు రకాలుగా విడదీయమనండి. తెలియక పోయినవి ఎన్ని, తెలిసీ తొందరలో తప్పు పెట్టినవి ఎన్ని, టైము చాలక వదిలేసినవి ఎన్ని. తొందర, టైము అయితే ఇంకో ఏడాది సాధనతో సర్దుకోవచ్చు. కానీ మా అమ్మాయికి ఫిజిక్స్ దగ్గరే ఆగిపోయేది. నాలుగైదు నెలలు గడిచినా అక్కడే. అలాంటప్పుడు అదే క్లాసులో మళ్ళీ కూర్చోబెడితే ఫిజిక్స్ రాదు. చెప్పే పద్ధతి మారాలి, లేదా దారి మారాలి.

ముందున్న ఏళ్ళు కూడా లెక్కేయండి

ఎంబీబీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. పీజీకి మళ్ళీ ఎంట్రన్సు, ఆ తర్వాత మూడేళ్ళు. ఈ లెక్క పిల్ల ముందు పెట్టి, "ఇంత చదవడం నీకిష్టమేనా?" అని ఒక్కసారి అడగండి. మేం అడగలేదు.

ఇంకో మాట. మా ఊరికి మెడికల్ కాలేజీ మంజూరై 2021లో శంకుస్థాపన జరిగింది. "ఒక్క ఏడు ఆగండి, మన ఊళ్ళోనే సీట్లొస్తాయి" అన్నవాళ్ళు చాలామంది. 2025 సీట్లలో మాత్రం ఆ కాలేజీ లేదు. రాని సీట్లని నమ్ముకుని పిల్ల ఏడాదిని పందెం కాయకండి.

రెండో తలుపు తీసే ఉంచండి

లాంగ్ టర్మ్ చదివే పిల్లలచేత ఈఏపీసెట్ కూడా తప్పకుండా రాయించండి. చదివేది ఎటూ అదే బైపీసీ. దాంతో అగ్రికల్చర్, ఫార్మసీ వంటివి ఉన్నాయి. నీట్ ర్యాంకుతోనే డెంటల్, ఆయుర్వేదం, హోమియో కూడా ఉన్నాయి. సెట్ రాయకపోతే ఆ తలుపు మన చేతులతో మనమే మూసినట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్ల తిండి, నిద్ర. ఆదివారం ఫోన్లో "బాగానే ఉన్నా" అని పొడిపొడిగా పెట్టేస్తే ఊరుకోకండి. మార్కాపురం రోడ్డు స్టేషన్లో బండెక్కి వెళ్ళి చూసి రండి. రెండో ఏడు సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు తల దువ్వబోతే దువ్వెన నిండా జుట్టు. సున్నుండలు చేసి పంపాను గానీ, "ఎలా ఉంది మనసు?" అని అడగలేదు. పిల్ల దిగులుగా ఉంటే టెలీమానస్ అని 14416 నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే డాక్టరుకి చూపించడానికి మొహమాటపడకండి.

ఇక అసలు సంగతి. 2025 ఫలితాలొచ్చిన రాత్రి మూడో ఏడు కావాలన్నది మా అమ్మాయి కాదు, నేను. "ర్యాంకు మెరుగైంది కదే, ఇంకొక్క ఏడు. నా గొలుసు ఉంది" అన్నాను. అది మాట్లాడకుండా లోపలికి వెళ్ళి ఆ కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "అమ్మా, నీ సంతకం కూడా ఉంది. డాక్టరు కావాలనుకున్నది నువ్వు. రెండేళ్ళు నీ కోసం కూడా చదివాను. ఇక చాలమ్మా" అంది.

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. మా నాయన నన్ను వద్దని ఆపాడు. నేను నా కూతుర్ని వద్దన్నా తోస్తున్నాను. రెండు చోట్లా ఆడపిల్లని అడిగినవాళ్ళు లేరు.

ఈఏపీసెట్ ర్యాంకుతో అగ్రికల్చర్ బీఎస్సీలో చేరింది. నీళ్ళకి మొహం వాచిన మా ప్రాంతానికి అదీ పనికొచ్చే చదువే. సంతోషంగానే ఉందని చెబుతుంది. ఆస్పత్రిలో తెల్లకోటు అమ్మాయిలు కనిపిస్తే నా ప్రాణం ఇప్పటికీ ఉసూరుమంటుంది, అబద్ధమెందుకు! కానీ అది నా దిగులు, దానిది కాదు.

అందరూ రెండేళ్ళకే ఆపాలని నేననను. మూడో ఏడు రాసి సీటు తెచ్చుకున్న పిల్లలూ మా వైపు ఉన్నారు. మీ పిల్ల తనంతట తాను కావాలని అడిగి, నెలనెలా పరీక్షల్లో ముందుకి జరుగుతూ ఉంటే, నిశ్చింతగా చేర్చండి. కాకపోతే ఫీజు కట్టేముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. మొదటి సంతకం పిల్ల చేత పెట్టించండి.