కిడ్నీ జబ్బులో రక్తం ఎందుకు పట్టదు?

“సిస్టరమ్మా, రోజూ ఖర్జూరాలు, దానిమ్మ రసం, బీట్‌రూట్ ఇస్తున్నాం. అయినా మా ఆయనకు రక్తం పట్టడం లేదేమిటి?” డయాలసిస్ రోగుల ఇంటివారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. వారి శ్రద్ధ మెచ్చుకోదగినదే. కానీ అసలు కారణం వేరే ఉంది.

మూత్రపిండాలు రక్తాన్ని శుభ్రం చేయడంతోపాటు ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును కూడా తయారుచేస్తాయి. ఎర్ర రక్తకణాలను తయారుచేయమని ఎముకల్లోని మూలుగను ప్రేరేపించేది ఇదే. కిడ్నీలు దెబ్బతింటే ఈ హార్మోను తగ్గి రక్తహీనత వస్తుంది.

దీనికి ఇనుము కొరత కూడా తోడవుతుంది. కారణాలు ఇవి:

1. ఆకలి లేకపోవడం, వికారం, పథ్యం వల్ల ఆహారంలో ఇనుము చాలినంత అందదు.

2. డయాలసిస్ గొట్టాలలో కొంత రక్తం మిగిలిపోతుంది. పరీక్షలకు తీసే రక్తం, పేగులలో తెలియకుండా జరిగే రక్తస్రావం కూడా నష్టమే.

3. కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే పదార్థం ఈ జబ్బులో పెరుగుతుంది. అది పేగుల నుండి ఇనుమును రక్తంలోకి చేరనివ్వదు. ఒంట్లో నిలవ ఉన్న ఇనుమును కూడా బయటికి రానివ్వదు. గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి లేనట్లుంటుంది.

నాలుగడుగులు వేస్తే ఆయాసం, నీరసం, గుండెదడ ఉంటే వయసు వల్ల అనుకోకండి. రక్తహీనతను నిర్లక్ష్యం చేస్తే గుండెపై భారం పడుతుంది. హిమోగ్లోబిన్ పురుషులలో 13 గ్రాములకు, స్త్రీలలో 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్లే. ఇనుము సంగతి తెలియాలంటే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షలు చేయాలి. వాటిని చూసి డాక్టరు గారు ఇనుము మాత్రలు ఇవ్వాలా, నరం ద్వారా ఎక్కించాలా అని నిర్ణయిస్తారు. ఇనుము చాలకపోతే ఖరీదైన ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు కూడా సరిగా పనిచేయవు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఖర్జూరం, దానిమ్మ, బీట్‌రూట్‌లలో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు దానిని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. కనుక రక్తం పట్టడానికని ఏ రసమైనా, టానిక్కయినా ఇచ్చేముందు మమ్మల్ని అడగండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు “ఇనుము పరీక్ష ఎప్పుడు చేశారు?” అని తప్పక అడగండి. మొహమాటపడవద్దు. చెప్పడానికే మేమున్నాము.