నాలుగు టెర్మినళ్ల సబ్‌వూఫర్: యాంప్‌కు తగిన వైరింగ్

కారు డిక్కీలో బిగించే సబ్‌వూఫర్లలో కొన్నింటికి రెండు టెర్మినళ్లుంటే, డ్యూయల్ వాయిస్ కాయిల్ రకానికి నాలుగుంటాయి. ఇందులో ఒకే గొట్టం మీద రెండు కాయిల్స్ విడివిడిగా చుట్టి ఉంటాయి. రెండూ ఒకే అయస్కాంతపు సందులో ఉండి ఒకే కోన్‌ను కదుపుతాయి. కాయిల్స్ రెండు కాబట్టి బేస్ కూడా రెట్టింపు వస్తుందన్నది అపోహే. వీటివల్ల దక్కే అసలు లాభం, యాంప్ మీద ఎన్ని ఓమ్స్ లోడు పడాలో వైరింగ్ ద్వారా నిర్ణయించుకోగలగడం.

లెక్క సులువు. కాయిల్స్‌ను సిరీస్‌లో కలిపితే ఓమ్స్ కూడతాయి, సమానమైన రెండింటిని పారలల్‌లో కలిపితే సగమవుతాయి. 4 ఓమ్స్ కాయిల్స్ రెండున్న సబ్‌వూఫర్ సిరీస్‌లో 8, పారలల్‌లో 2 ఓమ్స్ చూపుతుంది. 2 ఓమ్స్ కాయిల్స్ రెండున్నదైతే సిరీస్‌లో 4, పారలల్‌లో 1. మొదటి దానితో 4 ఓమ్స్, రెండో దానితో 2 ఓమ్స్ రెండు కాయిల్స్‌నూ వాడుతూ రాబట్టలేం. అందుకే సబ్‌వూఫర్ కొనేముందే యాంప్ సంగతి తేల్చుకోవాలి.

ఒక మోనో యాంప్ మీద 4 ఓమ్స్ దగ్గర 300 వాట్లు, 2 ఓమ్స్ దగ్గర 500 వాట్లు అని రాసి ఉందనుకుందాం. 1 ఓమ్ ప్రస్తావన లేదు. దానికి 2 ఓమ్స్ కాయిల్స్ సబ్‌వూఫర్ తెస్తే సిరీస్‌లో 300 వాట్లతో సరిపెట్టుకోవాలి. పారలల్‌లో కలిపితే లోడు 1 ఓమ్‌కు పడిపోతుంది. అప్పుడు యాంప్ తట్టుకోలేనంత కరెంటు లాగి వేడెక్కుతుంది, ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది, ఆ రక్షణా పనిచేయకపోతే ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అదే 4 ఓమ్స్ కాయిల్స్ రకం తెచ్చి పారలల్‌లో కలిపితే 500 వాట్లూ అందుతాయి. అలాగని ఆ తేడాను మరీ గొప్పగా ఊహించుకోకూడదు. 300 నుంచి 500 వాట్లకు వెళ్తే శబ్దం పెరిగేది సుమారు 2.2 డెసిబెల్స్ మాత్రమే. ఆ కాస్త కోసం యాంప్‌ను ప్రమాదంలో పెట్టడం ఏ విధంగానూ తగదు.

రెండు ఛానళ్లను బ్రిడ్జ్ చేసి వాడే యాంప్‌తో మరింత జాగ్రత్త కావాలి. బ్రిడ్జ్‌లో ఒక్కో ఛానల్ మీద పడేది లోడులో సగం ఓమ్సే. కాబట్టి ఛానల్‌కు 2 ఓమ్స్ తట్టుకునే యాంప్‌కు బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ కన్నా తక్కువ లోడు ఇవ్వకూడదు.

సబ్‌వూఫర్లు రెండైతే దారులు పెరుగుతాయి. 4 ఓమ్స్ కాయిల్స్ రకం రెండుంటే, ప్రతిదాని కాయిల్స్‌ను సిరీస్‌లో కలిపి ఆ రెండింటినీ పారలల్ చేస్తే 4 ఓమ్స్, నాలుగు కాయిల్స్‌నూ పారలల్ చేస్తే 1 ఓమ్. 2 ఓమ్స్ కాయిల్స్ రకం రెండు ఉంటే మొదటి పద్ధతిలో 2 ఓమ్స్ వస్తుంది. మోనో యాంప్‌లలో చాలావాటికి ఇది నప్పుతుంది. రెండోదానిలో అర ఓమ్‌కు దిగిపోతుంది కాబట్టి దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

వైర్లు బిగించేటప్పుడు ప్లస్, మైనస్‌లు తారుమారు కాకూడదు. సిరీస్‌లో యాంప్ ప్లస్ మొదటి కాయిల్ ప్లస్‌కు, ఆ కాయిల్ మైనస్ రెండో కాయిల్ ప్లస్‌కు, రెండోదాని మైనస్ తిరిగి యాంప్ మైనస్‌కు రావాలి. పారలల్‌లో ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట చేరతాయి. ఒక కాయిల్ తిరగబడితే ఒకటి కోన్‌ను బయటికి నెడుతుంటే రెండోది లోపలికి లాగుతుంది. కోన్ దాదాపు కదలదు, బేస్ రాదు, కరెంటంతా వేడిగా మారి కాయిల్స్‌ను మాడుస్తుంది. టెర్మినళ్ల మీద గుర్తులు చెరిగిపోయి ఉంటే, యాంప్ వైర్లు తీసేసి 1.5 వోల్టుల సెల్‌ను ఒక్కో కాయిల్‌కు క్షణంపాటు తాకించి చూడాలి. రెండుసార్లూ కోన్ ఒకే వైపు కదిలితే, సెల్ ప్లస్ తాకిన కొసలు రెండూ ఒకే గుర్తువి.

ఒక కాయిల్‌ను వదిలేసి రెండోదానికే వైర్లు ఇవ్వడమూ ఉంది. పాట వినిపిస్తుంది కానీ, సబ్‌వూఫర్ భరించగల వాట్లు సుమారు సగానికి తగ్గుతాయి, కోన్ మీద పట్టు సడలుతుంది. బాక్స్ కొలతలకు వేసిన లెక్కా తప్పుతుంది.

ఓమ్స్ తగ్గించి వాట్లు పెంచితే భారం చివరికి పడేది బ్యాటరీ, ఆల్టర్నేటర్ల మీదే. 80 శాతం సామర్థ్యమున్న యాంప్ 500 వాట్లు ఇవ్వాలంటే 14.4 వోల్టుల దగ్గర సుమారు 43 ఆంపియర్లు లాగుతుంది, 1000 వాట్లకు 87. పవర్ వైరు మందం, ఫ్యూజు, గ్రౌండ్ బిగింపు అందుకు తగ్గట్టే ఉండాలి.

వైరింగ్ ముగిశాక, యాంప్‌కు తగిలించకముందే మల్టీమీటర్‌తో కొలవాలి. మీటర్ చూపేది డీసీ నిరోధం కాబట్టి అది రాసిన ఓమ్స్ కన్నా కాస్త తక్కువే ఉంటుంది. 4 ఓమ్స్ కాయిల్స్ రెండూ పారలల్‌లో ఉంటే సుమారు 1.6 నుంచి 1.9 వరకు, సిరీస్‌లో 6.5 నుంచి 7.5 వరకు రావచ్చు. పారలల్‌లో అంతకు రెట్టింపు వస్తే ఒక కాయిల్ లైన్లో లేదు. సిరీస్‌లో మీటర్ అసలేమీ చూపకపోతే ఎక్కడో వైరు ఊడింది, లేదా కాయిల్ తెగింది.