పక్కవాడికి చెబితే మన మార్కులు తగ్గుతాయా?

కర్నూలులోగాని, కడపలోగాని డిగ్రీలో చేరే మన పిల్లలు కొందరు ఇంటర్ నుంచి ఒక అలవాటు వెంట తెచ్చుకుంటున్నారు. నోట్సు దాచుకోవడం! రెండేళ్లు ర్యాంకుల లెక్కలోనే పెరిగిన పిల్లలు మరి. ప్రవేశ పరీక్షల్లో సీట్లు పరిమితం. ఒకరు ముందుకెళితే మరొకరు వెనక్కి జరగాల్సిందే. డిగ్రీ పరీక్ష అలాంటిది కాదు. ఫస్టు క్లాసులు ఇన్నేనని అక్కడ కోటా లేదు. నలభై మందికీ తగిన మార్కులొస్తే నలభై మందీ ఫస్టు క్లాసే. అలాంటప్పుడు పక్కవాడికి చెబితే పోయేదేమిటి?

2021-22 నుంచి రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ చదువును ఇంగ్లిష్ మీడియంలోకి మార్చింది. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివొచ్చిన అమ్మాయికి లెక్చరరు మాట సగమే అందుతుంది. నలుగురిలో లేచి అడగాలంటే సిగ్గు. సాయంత్రం కోడుమూరుకో, కమలాపురానికో బస్సెక్కి వెళితే ఇంట్లో చెప్పేవారుండరు. ఆమెకు దిక్కు పక్క బెంచీ స్నేహితురాలే.

1970లలో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత అధ్యాపకుడు ఒక విషయం గమనించాడు. కాలిక్యులస్‌లో వెనకబడిన నల్లజాతి విద్యార్థులు బద్ధకస్తులు కారు. కష్టపడుతున్నారు, కాని ఒంటరిగా. చైనా సంతతి విద్యార్థులేమో కలిసి కూర్చుని ఒకరి లెక్క మరొకరు దిద్దుకుంటున్నారు. ఆయన నల్లజాతి విద్యార్థులను కూడా కూడబెట్టి, సులువైనవి కాదు, కష్టమైన లెక్కలే ఇచ్చాడు. ఫలితాలు బాగా మెరుగయ్యాయి.

మనకిది కొత్త విద్యేమీ కాదు. మదరసాల్లో 'తక్రార్' ఉంది. ఉస్తాద్ సబక్ చెప్పి వెళ్లాక విద్యార్థులు గుంపుగా కూర్చుంటారు. ఒకరు పాఠం తిరిగి చెబుతారు, తక్కినవారు ఆపి అడుగుతారు, దిద్దుతారు. నిజానికి చెప్పేవాడికే ఎక్కువ లాభం. నోరు తెరిస్తేగాని తనకేది తెలియదో తెలిసిరాదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కాలేజీ స్థాపించిన కర్నూలులో ఈ పద్ధతి డిగ్రీ క్లాసుకు పరాయిదెలా అవుతుంది?

గ్రూపు పని అంటే ఒకడు రికార్డు రాయడం, నలుగురు కాపీ కొట్టడం అని లెక్చరర్లు అంటారు. అదీ నిజమే. అందుకే మిన్నెసోటాకు చెందిన జాన్సన్ సోదరులు కలిసి చదివినా ఎవరి జవాబుదారీ వారిదేనని పట్టుబట్టారు. నలుగురికి ఒక లెక్క ఇచ్చి, బోర్డు దగ్గరికి ఎవరు రావాలో లెక్చరరు అప్పటికప్పుడు పిలిస్తే చాలు. తెలిసినవాడు తెలియనివాడికి నేర్పక తప్పదు. పరీక్ష మాత్రం ఎవరిది వారే రాయాలి.

పోటీయే వద్దని మేము అనడం లేదు. డీఎస్సీకి, గ్రూప్స్‌కు అది తప్పదు. కాని డిగ్రీ మూడేళ్లూ దాని కిందే నలగనక్కర్లేదు. క్లాసులయ్యాక బస్సు వేళ దాకా ఒక గది తెరిచి ఉంచమని ప్రిన్సిపాలును అడగడానికి తల్లిదండ్రులు సంకోచించవద్దు. మగపిల్లలు టీ హోటల్లోనైనా కూర్చుని చర్చించుకోగలరు. ఆడపిల్లలకు ఆ గదే కావాలి.