ఆవఘాటు చెప్పే చిరునామా

పిల్లలూ! వంటింట్లో చిటికెడు పొడి ఆవపిండి తీసుకొని వాసన చూడండి. పెద్దగా ఘాటు తెలియదు. దాని మీద నాలుగు చుక్కల చన్నీళ్లు పోసి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. ముక్కు చుర్రుమంటుంది! మరీ దగ్గరగా పెట్టుకోకండేం! ఇంతకీ నీళ్లు పడగానే ఆ ఘాటు ఎక్కడనుంచి వచ్చింది?

ఆవ గింజలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, వాటిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటాయి. గింజను పొడిచేసి తడిపితే రెండూ కలుస్తాయి. అప్పుడు ఐసోథయోసయనేట్లు అనే ఘాటైన పదార్థాలు పుడతాయి. ఆకుల్లోనూ ఇదే ఏర్పాటు. పురుగు ఆకు కొరికిందంటే ఘాటు బయటపడుతుంది. చాలా పురుగులు ఆ దెబ్బకు దూరంగా పోతాయి. అంటే ఇది మొక్క దాచుకున్న ఆయుధమన్నమాట. ఆవ కుటుంబానికే చెందిన క్యాబేజీ, ముల్లంగి మొక్కలకూ ఈ ఆయుధం ఉంది.

అయితే ఈ ఆయుధానికి బెదరని ఘనుడొకడున్నాడు. అదే డైమండు రెక్కల పురుగు. పొడవు సెంటీమీటరుకు మించదు. రెక్కలు ముడిస్తే వీపు మీద వజ్రాల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. దీని గొంగళి పురుగు కడుపులో ఉండే ఒక ఎంజైము, గ్లూకోసినోలేట్లు విషంగా మారకముందే వాటిని నిర్వీర్యం చేస్తుంది. ఈ సంగతి 2002లో తెలిసింది.

మరి చీకటి పడ్డాక గుడ్లు పెట్టబోయే తల్లిపురుగుకు క్యాబేజీ చేను ఎలా తెలుస్తుంది? ఆ ఘాటు వాసనే దారి చూపిస్తుంది! తల్లిపురుగు తన మీసాలతో దాన్ని పసిగడుతుంది. ఆ వాసనను గుర్తించే రెండు గ్రాహకాలను 2020లో చైనా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ రెండూ పనిచేయకుండా చేస్తే, పురుగు ఆ వాసనకు ఆకర్షితం కాలేదు. చూశారా! శత్రువును తరమవలసిన ఘాటే, “నీ పిల్లలకు తిండి ఇక్కడుంది” అని చెప్పే చిరునామా అయింది.

పోనీ, మందు చల్లితే చావదా? ఈ పురుగు మందులకు త్వరగా అలవాటు పడిపోతుంది. డి.డి.టి.ని ఇది తట్టుకుంటోందని 1953లోనే జావా దీవిలో గమనించారు. మందు ఖర్చు పెరిగి, పంట దక్కకపోతే రైతు ఏం కావాలి?

అందుకే శాస్త్రవేత్తలు పురుగు ఎత్తునే పురుగు మీద వేశారు. క్యాబేజీకన్నా ఆవ మొక్క తల్లిపురుగును ఎక్కువగా రప్పిస్తుంది. కనుక ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు ఎర పంటగా వేయమని 1991లో మన దేశపు శాస్త్రవేత్తలు సూచించారు. క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒక వరుస, నాటిన 25 రోజులకు మరో వరుస విత్తాలి. అప్పుడు పంటకాలమంతా లేత ఆవ మొక్కలుంటాయి. గుడ్లు ఎక్కువగా వాటి మీదే పడతాయి. అక్కడ చేరిన పురుగును అక్కడే చంపితే, చేనంతా మందు చల్లే పని తగ్గుతుంది.

ఎప్పుడైనా క్యాబేజీ తోటలో ఆవ మొక్కల వరుస కనిపిస్తే, అది ఎందుకుందో మీ స్నేహితులకు మీరే చెప్పండి!