నాగు వడ్డి లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల రైతులు నిజాము కాలమున 'నాగు' అను ధాన్యపుటప్పుతో నలిగిరి. ఏరువాక నాడు తెచ్చిన గింజలకు సగము వడ్డి చేర్చి కళ్ళములోనే కొలిచి యీయవలసి వచ్చెడిది.

ఈ వడ్డికి 10 తూములు తెచ్చినవాడు ఏమియు తీర్పలేదనుకొందము. అసలుపైననే వడ్డి కట్టినచో ఏటేట 5 తూములు పెరిగి 10 ఏండ్లకు 60 తూములగును. వడ్డిని అసలులో కలుపుచు పోయినచో మొదటి యేడు 15, రెండవ యేడు 22½. పదవ యేట 576 తూములు దాటును! తొలియేడు రెండు లెక్కలును ఒక్కటే. రైతు మోసపోవుట యిచ్చటనే.

ధాన్యపుటప్పు అయిదురెట్లు మించరాదని మనుస్మృతి హద్దు విధించినది, చక్రవడ్డిని నిషేధించినది. మొదటి లెక్క ఆ హద్దును చేరుటకు 8 ఏండ్లు పట్టును. చక్రవడ్డి నాలుగవ యేటనే దానిని దాటును. 1946లో చెలరేగిన తెలంగాణ రైతాంగ పోరాటమున అప్పుపత్రములు అగ్నిపాలగుటలో వింత యేమి?

నిజాము పాలన 1948లో అంతరించినది, చక్రవడ్డి అంతరింపలేదు. "వడ్డి యెంత?" అని మాత్రమే గాక "వడ్డికి వడ్డి కలదా?" అనియు అడిగి, పిమ్మటనే చేవ్రాలు చేయుడని రైతులకు మా మనవి. ఆ లెక్కను ముందుగనే విప్పి చెప్పుట అప్పిచ్చు పెద్దల ధర్మము.